బ్రేకు ఎక్కడ వదలాలి: కొండపల్లి గుట్టల్లో నా సైకిల్ అనుభవం

ఆటోనగర్‌లో మాది బ్రేకు సామాన్ల షాపు. లారీలకి, బస్సులకి లైనింగులు, డ్రమ్ములు, స్లాక్ అడ్జస్టర్లు, ఎయిర్ పైపులు అమ్ముతాం. నాన్న పెట్టిన షాపు, ఆయన తర్వాత నేను చూసుకుంటున్నాను. బండి ఆగడం గురించి పొద్దస్తమానం మాట్లాడే మనిషికి, నలభై దాటిన వయసులో, ఆగకుండా ఉండడం నేర్పే పని మా పిన్ని కూతురు నెత్తిన వేసుకుంది. ఆ పిల్ల ఇంజనీరింగ్ అయ్యాక ఇంట్లోంచే ఉద్యోగం చేస్తోంది. సెలవు దొరికితే చాలు, సైకిలేసుకుని గుట్టల మీద ఉంటుంది. పిన్నికి అది నచ్చదు. "పెళ్ళి కావాల్సిన పిల్ల, మోకాళ్ళ నిండా గీతలేంట్రా, నువ్వైనా చెప్పు" అని నన్ను పంపింది. చెప్పొద్దామని వెళ్ళిన వాణ్ణి, రెండు నెలలు తిరక్కుండా నేనూ సైకిలు కొన్నాను.

మౌంటెన్ బైకు అంటే మన దగ్గర చాలామందికి లావు టైర్లు, గేర్లు ఉన్న సైకిలు. పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్ళి, టీ తాగి తిరిగొచ్చేస్తారు. అదీ మంచిదే. నేను రాస్తున్నది టెక్నికల్ ట్రైల్ అనే దాని గురించి. మనిషి ఒక్కడు పట్టేంత బాట, దాని నిండా రాళ్ళు, చెట్ల వేళ్ళు, వానకి కోసుకుపోయిన గండ్లు, మెట్టులా విరిగిన అంచులు, వచ్చిన వైపుకే తిరిగిపోయే మలుపులు. ఇక్కడ వేగంతో పెద్దగా పని లేదు. నడిచినంత నెమ్మదిగా పోతున్నా ప్రతి గజానికీ ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వస్తుంది.

మేం వెళ్ళేది కొండపల్లి వైపు. బెజవాడ నుంచి హైదరాబాద్ రోడ్డు పట్టుకుని దుర్గ గుడి ఫ్లైఓవర్, భవానీపురం, గొల్లపూడి, గుంటుపల్లి దాటితే ఇబ్రహీంపట్నం. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తున్నాయంటే గుట్టలు దగ్గరికొచ్చినట్టే. మొత్తం 20 కిలోమీటర్లు ఉంటుందేమో. తూర్పు కనుమల్లోంచి విడిపడి కృష్ణ ఒడ్డు దాకా వచ్చేసిన కొండలివి. ఎత్తు తక్కువే కానీ వాలు ఎక్కువ, నేలంతా రాయి. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్లపొణికి కర్ర పూర్వం నుంచీ ఈ కొండల్లోదే. కోట ఉన్న కొండ చుట్టూ రిజర్వ్ ఫారెస్ట్. చిరుతలు కూడా ఉన్న అడవి అది, అనుమతి లేకుండా సైకిలు పెట్టకూడదు. మేం తిరిగేది హద్దు రాళ్ళకి ఇవతల, మేకలు మేసే పోరంబోకు గుట్ట. ముందే ఫారెస్ట్ వాళ్ళనడిగి హద్దు ఎంతవరకో చూపించుకున్నాం. ఊరి పేరు మాత్రం రాయను. ఆ బాట మేకల వాళ్ళది. పదిమంది సైకిళ్ళేసుకుని వస్తే ఒక్క వానాకాలానికే అది వాగైపోతుంది.

ముందు సైకిలు సంగతి చెప్పాలి. ఇది నాకు తెలిసిన లోకం కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. నాది 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్. అంటే షాక్ ముందు ఫోర్కులో మాత్రమే, వెనక ఏమీ ఉండదు. చక్రం పెద్దదైన కొద్దీ రాయి మీదకి సులువుగా ఎక్కేస్తుంది. నా ఎత్తుకీ బరువుకీ ఇదే సరిపోతుందని చెల్లెలు తేల్చింది. కొన్న చోట టైర్లలో గాలి రాయిలా కొట్టి ఇచ్చారు. గేజీ పెట్టి చూస్తే 50 పీఎస్ఐ. తారు రోడ్డుకి అది బాగానే ఉంటుంది. గుట్ట మీద మాత్రం ప్రతి రాయికీ చక్రం బంతిలా ఎగురుతుంది, నేలని పట్టుకోదు. చెల్లెలు వాల్వు నొక్కి బుస్సుమని గాలి తీసేస్తుంటే నా ప్రాణం పోయింది. ముందు 24, వెనక 27 దగ్గర ఆపింది. బొటనవేలితో నొక్కితే టైరు లోపలికి పోతోంది. "ఇంత తక్కువకి రిమ్ము నేలకి కొట్టుకోదా?" అన్నాను. "ట్యూబుంటే కొట్టుకుంటుంది. రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు రెండు చిల్లులు పడతాయి. అందుకే ట్యూబ్‌లెస్ చేయించుకో" అంది.

ట్యూబ్‌లెస్ చేయించుకోవడానికి మన ప్రాంతంలో ఇంకో గట్టి కారణం ఉంది, పల్లేరుకాయలు. ఎటు పడేసినా ఒక ముల్లు ఆకాశం వైపే చూస్తూ ఉంటుంది దానికి. అది చాలదన్నట్టు తుమ్మ ముళ్ళు. ట్యూబు వేసుకుని ఆ గుట్ట చుట్టూ ఒక్క చుట్టు తిరిగితే మిగతా పొద్దంతా పంక్చర్లతోనే సరి. టైరులో సీలెంట్ అనే తెల్లటి ద్రవం పోస్తే, ముల్లు దిగిన చోట బుడగలొచ్చి దానంతటదే మూసుకుపోతుంది. కాకపోతే మన ఎండలకి ఆ ద్రవం తొందరగా ఆరిపోతుంది. రెండు మూడు నెలలకోసారి చూసి మళ్ళీ పోసుకోవాలి. డబ్బా మీద ఇంకా ఎక్కువ రోజులొస్తుందని రాసి ఉంటుంది గానీ, అది రాసినవాళ్ళు బెజవాడ మే నెల చూసినవాళ్ళు కాదు.

ఇక బ్రేకులు. ఇక్కడ మాత్రం చెల్లెలు చెప్పేది తక్కువ, నేను చెప్పేది ఎక్కువ. రెండు చక్రాలకీ హైడ్రాలిక్ డిస్కులే. పని చేసే తీరు కారులోదే, సైజే చిన్నది. లీవరు నొక్కితే మాస్టర్ సిలిండర్లోంచి ఆయిలు తోస్తుంది, కాలిపర్‌లో పిస్టన్లు ప్యాడ్లని డిస్కుకి ఒత్తుతాయి. కొన్ని కంపెనీలు డాట్ ఫ్లూయిడ్ వాడతాయి, కొన్ని మినరల్ ఆయిల్. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపల రబ్బరు సీళ్ళు ఉబ్బి చెడిపోతాయి. మా బజార్లో ఏ డబ్బా దొరికితే ఆ డబ్బా పోసే చేతులు చాలా ఉన్నాయి కాబట్టి సైకిలు ఎవరి చేతికీ ఇవ్వను. కొత్త ప్యాడ్లు వెయ్యగానే కొండెక్కకూడదు. చదును రోడ్డు మీద కాస్త వేగం అందుకోవడం, ఆగిపోకుండా బ్రేకు వేసి తగ్గించడం, మళ్ళీ వేగం. పదీ ఇరవై సార్లు ఇలా చేస్తే ప్యాడు పొర డిస్కు మీద సమానంగా పడుతుంది. అప్పుడుగానీ బ్రేకు పూర్తిగా పట్టదు. ఆదివారం ఆటోనగర్ రోడ్లు ఖాళీగా ఉంటాయి, ఆ పని అక్కడే చేసుకున్నాను.

అదే ఖాళీ రోడ్డు మీద చెల్లెలు నా చెయ్యి మార్పించింది. నేను లీవరు మీద నాలుగు వేళ్ళూ వేసేవాణ్ణి. ఒక్క చూపుడు వేలే ఉండాలంది, మిగతా మూడూ హ్యాండిల్ పట్టుకోవడానికి. మన సైకిళ్ళకి స్కూటీకున్నట్టే కుడి చేతిది ముందు బ్రేకు, ఎడమ చేతిది వెనకది. సుద్దముక్కతో రోడ్డు మీద గీత గీసి, ఆ గీత మీద ముందు చక్రం ఆగేలా చెయ్యమంది, మొదట వెనక బ్రేకు ఒక్కదానితో, తర్వాత ముందు బ్రేకు ఒక్కదానితో, ఆపైన రెండింటితో. బ్రేకు వెయ్యగానే బరువంతా ముందుకి వస్తుంది కాబట్టి ముందు చక్రానిదే ఎక్కువ బలం, వెనకది సాయానికి. ఇది మా కౌంటర్లో కుర్రాళ్ళకి నేనే ఎన్నోసార్లు చెప్పిన మాట. చెప్పడం వేరు, ఒక్క వేలితో ఆ బలాన్ని కొలిచి వాడడం వేరు.

ఈ ఆట పుట్టిన కథ విన్నాక నాకు దీని మీద గౌరవం పెరిగింది. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్ళు పాత లావు టైర్ల సైకిళ్ళేసుకుని కొండ దిగేవాళ్ళు. 1976లో పోటీలు కూడా మొదలుపెట్టారు. ఆ సైకిళ్ళకి బ్రేకు వెనక హబ్బులోనే ఉండేది, పెడల్ వెనక్కి తొక్కితే పట్టుకునేది. కొండ కిందికి చేరేసరికి ఆ హబ్బు కాలిపోయి లోపలి గ్రీజు పొగై పోయేదట. మళ్ళీ దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరాలి. ఘాట్ దిగి వచ్చిన లారీ డ్రమ్ము వాసన ఎరిగిన వాడికి ఈ కథ వేరే ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. అక్కడి నుంచి 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లోకి వచ్చేసింది ఈ ఆట.

సరే, గుట్ట దగ్గరికి వద్దాం. షాపు టాటా ఏస్‌లో సైకిళ్ళు వేసుకుని చీకటితోనే బయలుదేరతాం. దారిలో ఇడ్లీ తినేసి, తెల్లారేసరికి గుట్ట కింద ఉంటాం. మొదటిసారి వెళ్ళినప్పుడు సైకిలు బండిలోంచి దింపనివ్వలేదు. "ముందు నడుద్దాం అన్నయ్యా" అంది. హెల్మెట్టు, మోకాళ్ళ గార్డులు, గ్లోవ్సు అన్నీ వేసుకుని తయారైన వాణ్ణి ఉత్త కాళ్ళతో నడిపించింది. అప్పుడు విసుగేసింది కానీ, ఇప్పుడు ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఆ నడక గురించే. కింది నుంచి చూస్తే ప్రతి రాయీ గోడలా ఉంటుంది. పైనుంచి చూస్తే వాటి మధ్య సందులు కనిపిస్తాయి. దిగే బాటని పైనుంచే చూడాలి, అదీ నిలబడి కాదు, సైకిలు మీద కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో అంతకి వంగి.

ఒక్కో రాయినీ కాలితో తొక్కి చూశాం, కదులుతుందా పాతుకుని ఉందా అని. కదిలే రాయి చిన్నదైనా ప్రమాదమే, పాతుకున్న రాయి పెద్దదైనా నమ్మొచ్చు. మేకలు తోలుకొచ్చిన ముసలాయన మా వాలకం చూసి ఆగాడు. "ఏం పోయింది బాబూ, వెతుకుతున్నారు?" అన్నాడు. సైకిలు దిగే దారి చూస్తున్నాం తాతా అన్నాను. కాసేపు నవ్వి, చేతికర్రతో చూపించాడు. "ఆ నల్ల బండ ఏం కాదు. దాని పక్కన ఎర్రది ఉంది చూడు, మొన్న వానలకి కింద మట్టి పోయింది. దాని మీద నా మేకలే కాలు పెట్టవు." చెల్లెలు గీసుకున్న దారి ఆ ఎర్ర రాయి మీదుగానే ఉంది. ఫోను తీసి బొమ్మ మార్చేసింది.

నడిచాక బాటని ముక్కలుగా విడగొట్టుకుని పేర్లు పెట్టుకున్నాం. పైన కంకర వాలు, తర్వాత రాళ్ళ పరుపు, దాని కింద మెట్టు, చివర రెండు హెయిర్‌పిన్ మలుపులు. ఒక్కోదానికీ ఎక్కడ మొదలు, ఎక్కడ బ్రేకు, ఎక్కడ వదలాలి, ఎక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు అన్నీ అనుకున్నాం. చివరిదే నాకు బాగా పనికొచ్చింది. కింది దాకా ఒకేసారి తలుచుకుంటే టెన్షన్‌తో కాళ్ళు బిగుసుకుపోతాయి. ఫలానా చెట్టు దగ్గర ఆగొచ్చు అనుకుంటే అక్కడి దాకానే ఆలోచిస్తాం.

ఎక్కడం గురించి ఎక్కువ రాయను. ముందు పళ్ళచక్రం 32, వెనక పెద్దది 46. ఆ గేరులో కాళ్ళు చాలాసార్లు తిరిగితే చక్రం కొంచెమే తిరుగుతుంది, అయినా ఎక్కేస్తుంది. సీటు ముందు కొస మీదికి జరిగి, ఛాతీ హ్యాండిల్ దగ్గరికి వంచాలి. నిలబడితే వెనక చక్రం మీద బరువు పోయి కంకరలో గిర్రున తిరుగుతుంది. మరీ వెనక్కి కూర్చుంటే ముందు చక్రం లేస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న చోటు అరచెయ్యంత. పెడల్ రాయికి తగిలేలా ఉంటే పూర్తి చుట్టు తొక్కకుండా సగం తొక్కి వెనక్కి తెచ్చి మళ్ళీ సగం తొక్కాలి. ఊపిరి అందక నేను చాలా చోట్ల దిగి తోసుకుంటూనే వెళ్ళాను, ఇప్పటికీ కొన్ని చోట్ల తోస్తాను. సైకిలు తోసుకుంటూ ఎక్కేవాళ్ళని చూసి నవ్వేవాళ్ళు కొండెక్కిన వాళ్ళు కాదు.

దిగడంలో అసలు పని ఉంది. ముందు సీటు కిందికి దించేసుకోవాలి. చెల్లెలి సైకిలుకి హ్యాండిల్ దగ్గర మీట నొక్కితే దానంతటదే దిగే పోస్టు ఉంది, నాది చేత్తో బిగింపు వదిలి దించుకోవాలి. దిగేటప్పుడు సీటు మీద కూర్చోకూడదు. పెడల్స్ రెండూ సమానంగా, నేలకి అడ్డంగా పెట్టి వాటి మీద నిలబడాలి. మడమలు కాస్త కిందికి, మోకాళ్ళు మోచేతులు వంగి వదులుగా ఉండాలి. బరువంతా పాదాల మీద, చేతుల మీద దాదాపు ఏమీ ఉండకూడదు. వెనక్కి వాలిపొమ్మని పాతకాలం వాళ్ళు చెబుతారు. మరీ వెనక్కి పోతే ముందు చక్రం మీద బరువు లేక అది తన ఇష్టం వచ్చినట్టు జారుతుందని చెల్లెలు ఒప్పుకోదు. నడుం దగ్గర వంగి, గడ్డం హ్యాండిల్ మీదుగా ఉండేలా నిలబెట్టింది నన్ను.

కంకర వాలు చూడటానికి తేలిక, రాళ్ళేమీ లేవు. బఠాణీ గింజలంత నుంచి నిమ్మకాయంత వరకూ వదులు కంకర. ఇక్కడ బ్రేకు గట్టిగా పట్టుకుంటే చక్రం బిగుసుకుని ఈడ్చుకుపోతుంది. బిగుసుకున్న చక్రం తిప్పినా తిరగదు, నేరుగానే పోతుంది. కార్లకి ఏబీఎస్ ఎందుకు పెట్టారని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబూ ఇదే. సైకిలుకి ఏబీఎస్ మన చూపుడు వేలే. చక్రం జారుతున్నట్టు అనిపించగానే కొంచెం వదలాలి, పట్టు దొరకగానే మళ్ళీ కొంచెం నొక్కాలి. వెనక చక్రాన్ని ఈడ్చుకుంటూ దిగడం చూసేవాళ్ళకి హీరోయిజంలా ఉంటుంది కానీ, దానివల్ల బాట గాడి పడుతుంది, వానొస్తే ఆ గాడిలోనే నీళ్ళు పారి మట్టి కోసుకుపోతుంది.

వాలు అడుగున రెండు గజాలు చదునైన చోటు ఉంది. మా బాటలో అన్నిటికంటే విలువైన చోటు అదే. రాళ్ళ పరుపులోకి ఎంత వేగంతో వెళ్ళాలో అక్కడే తేలిపోవాలి. రాళ్ళ మీదికి వెళ్ళాక బ్రేకుకి చోటు లేదు. రాయి ముందు చక్రాన్ని ఎలాగూ వెనక్కి తోస్తుంది. అదే సమయంలో ముందు బ్రేకు కూడా పడితే ఫోర్కు కిందికి కుంగి, చక్రం అక్కడే నిలిచి, మనిషి మాత్రం ముందుకి వెళ్ళిపోతాడు. మాటల్లో ఇంత సులువుగా అర్థమయ్యే సంగతి వేలికి మాత్రం అర్థం కాదు. ఇరవై ఏళ్ళుగా కష్టమొస్తే బ్రేకు పట్టుకోవడానికి అలవాటు పడిన చెయ్యి నాది. చెల్లెలు రాళ్ళ పక్కన నిలబడి "వదులు అన్నయ్యా, వదులు, వదులు" అని అరుస్తూనే ఉంది. నల్ల బండ ఎక్కాను, దాని తర్వాతి సందులో చక్రం దిగింది, వేలు తనంతట తాను ముడుచుకుంది. హ్యాండిల్ మీదుగా వెళ్ళి బలుసు పొదలో పడ్డాను. మోకాలి గార్డు చీరుకుపోయింది, మోకాలు బాగానే ఉంది. దూరం నుంచి చూస్తున్న తాత "సైకిలుకేం కాలేదుగా?" అని అడిగాడు.

ఆ తర్వాత చెల్లెలు ఒక చిట్కా చెప్పింది. బ్రేకు వదలమంటే నా వల్ల కావడం లేదని, చూపు మార్చమంది. చక్రం కింద ఏముందో చూడొద్దు, అది అప్పటికే అయిపోయిన పని. రాళ్ళ పరుపు అవతల ఒక సీతాఫలం చెట్టుంది, బాట దాని మొదలు దగ్గర మళ్ళీ మట్టిలో కలుస్తుంది. ఆ మొదలునే చూస్తూ ఉండమంది. కళ్ళు అక్కడ పెట్టగానే తల లేస్తుంది, తల లేస్తే భుజాలు వదులవుతాయి, సైకిలు కింద ఎగురుతున్నా మనిషి కుదురుగా ఉంటాడు. చక్రాలు టకటకలాడుతూ రాళ్ళ మీద నుంచి వాటంతటవే పోతున్నాయి. అవతలికి వచ్చాక వేలు చూసుకుంటే లీవరు మీదే ఉంది, నొక్కలేదు. ఇన్నేళ్ళ వ్యాపారంలో బ్రేకు వెయ్యనందుకు సంతోషించడం నాకు కొత్త.

మెట్టు దగ్గర లెక్క వేరు. బండ అంచు నుంచి అడుగు ఎత్తు దిగాలి. మరీ నెమ్మదిగా వెళ్తే ముందు చక్రం నిట్టనిలువుగా కిందికి పడి ఆగిపోతుంది. వేగంగా వెళ్తే ఎగురుతాం, ఎగరడం నా కార్యక్రమంలో లేదు. మనిషి జోరుగా నడిచే వేగం సరిపోతుంది. చక్రం అంచు దాటుతున్నప్పుడు చేతులు చాచి హ్యాండిల్‌ని ముందుకి తోయాలి, నడుం వెనక్కి పోవాలి. చక్రం నేలని తాకగానే మళ్ళీ మధ్యకి రావాలి. అంతా కలిపి రెప్పపాటు కూడా పట్టదు. దీన్ని గుట్ట మీద నేర్చుకోలేదు. మా వీధిలో అరుగుల మీద నుంచి దిగి దిగి నేర్చుకున్నాను. పిల్లలు గుంపుగా చేరి "అంకుల్, ఇంకోసారి" అని లెక్కపెట్టేవాళ్ళు.

సగం దిగేసరికి ముంజేతులు బిగుసుకుపోయి వేళ్ళు లీవరు మీద నుంచి రావు. కొత్తవాళ్ళందరికీ ఇది వస్తుంది. చాలావరకు కారణం హ్యాండిల్‌ని పీక పిసికినట్టు పట్టుకోవడం, బరువు చేతుల మీద పడటం. మడమలు దించితే బరువు కాళ్ళలోకి పోతుంది. దాంతోపాటు నేను లీవర్లని కాస్త లోపలికి జరిపి, వాటి వాలు తగ్గించి, చెయ్యి మణికట్టు దగ్గర వంగకుండా తిన్నగా ఉండేలా బిగించుకున్నాను. అలెన్ కీతో అయిదు నిమిషాల పని. సైకిలు కొన్నవాళ్ళలో చాలామంది దాన్ని ముట్టుకోనే ముట్టుకోరు.

హెయిర్‌పిన్లలో మొదటిది వస్తోంది. బయటి అంచు నుంచి లోపలికి రావాలి, మలుపులోకి వెళ్ళకముందే వేగం తగ్గిపోయి ఉండాలి, తల తిప్పి బయటికి పోయే దారిని చూడాలి, నడుం కూడా అటే తిరగాలి. వెనక చక్రం ఎప్పుడూ ముందు చక్రం కంటే లోపల నుంచి వస్తుంది. పొడుగు లారీ మలుపు తిరిగేటప్పుడు క్లీనరు దిగి చూసేది అందుకే. కాబట్టి ముందు చక్రం కాస్త బయటగా పోవాలి. రెండో మలుపు మాత్రం లోయ వైపు ఒరిగి ఉంది, అంచున మట్టి లేదు, వదులు రాయి. అక్కడ నేను దిగి, సైకిలు ఎత్తి తిప్పుకుంటాను. చెల్లెలు తొక్కుకుంటూనే పోతుంది, నన్ను రమ్మని మాత్రం ఇంతవరకూ అనలేదు.

వెళ్ళాలనుకునే వాళ్ళకి ఒక రెండు మాటలు. ఒక్కళ్ళే వెళ్ళకండి, గుట్ట వెనక ఫోను సిగ్నల్ ఉండదు. ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. ఎండుటాకుల్లో చెయ్యి పెట్టకండి, రక్తపింజర్లు ఉండే చోటు. వాన పడిన వెంటనే ఎర్రమట్టి సబ్బులా ఉంటుంది, రెండు మూడు రోజులు ఆగండి. దీపావళి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. ఆ తర్వాత పొద్దున ఎనిమిదింటికే బండ మీద చెయ్యి పెట్టలేం. మేకలు ఎదురొస్తే సైకిలు దిగి పక్కకి నిలబడండి, దారి వాటిదే.

శివరాత్రి దాటాక సైకిళ్ళు రెండూ షాపుకి తెచ్చి విప్పాను. బ్రేకు ప్యాడు చూస్తే నడిపినవాడి చెయ్యి తెలిసిపోతుంది, లారీ అయినా అంతే. చెల్లెలి సైకిలుకి ముందు ప్యాడ్లు ఎక్కువ అరిగాయి, వెనకవి తక్కువ. బలం ముందు చక్రానిదే కాబట్టి అలాగే ఉండాలి. నా సైకిలుకి వెనక ప్యాడ్లు రేకు దాకా వచ్చేశాయి, ముందువి ఇంకో సీజన్‌కి సరిపోతాయి. చెల్లెలు రెండు జతలూ పక్కపక్కన పెట్టి కాసేపు చూసింది. "ఎక్కడ, కంకర వాలులోనా?" అంది. అక్కడ కొంత, హెయిర్‌పిన్ ముందు ఎక్కువ అన్నాను. సైకిలు ప్యాడ్లు మా షాపులో దొరకవు. వెనక చక్రానికి రెండు జతలు ఆర్డరు పెట్టాం.